కోల్‌కతాను రెండు రోజుల్లో చూడాలంటే

మొదటిసారి కోల్‌కతా వెళ్తున్నామని, చేతిలో శని, ఆదివారాలు మాత్రమే ఉన్నాయని చెప్పి ఏమేమి చూడాలో అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే: స్థలాల జాబితా తరువాత రాసుకోవచ్చు, ముందు బస ఎక్కడో, పొద్దున్న ఎన్నింటికి గది నుంచి బయటపడగలరో తేల్చుకోండి. విశాఖపట్నంలో సాయంత్రం రైలెక్కితే మరునాటి ఉదయానికి హౌరా చేరవచ్చు కాబట్టి ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది నిజంగా వారాంతపు ప్రయాణమే. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు దాటుతుంది గనుక హైదరాబాద్ వాళ్లు ఇంత తక్కువ వ్యవధికి విమానంలో వెళ్లడమే మేలు.

గడియారం అందరికీ ఒకటే అయినా ఆ నగరం మనకు చాలా తూర్పున ఉంది. డిసెంబరు మొదట్లో అక్కడ సాయంత్రం 5 కాకముందే పొద్దు గూకుతుంది. మే నెలాఖరులో తెల్లవారుజామున 5 లోపే సూర్యోదయం అవుతుంది. తీరిగ్గా టిఫిన్ ముగించి తొమ్మిదిన్నరకు బయలుదేరే అలవాటుతో వెళ్తే, ఉన్న కొద్ది వెలుతురులో మంచి భాగమంతా గదిలోనే గడిచిపోతుంది. అలాగే విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలు, ఇండియన్ మ్యూజియం, జొరాసాంకోలోని ఠాగూర్ ఇల్లు మూడూ సోమవారం మూసి ఉంటాయి. అందువల్ల ఆది, సోమవారాలు కలిపి సెలవు దొరికినా శని, ఆదివారాలకే ప్రయాణం పెట్టుకోవాలని నా సలహా.

బస విషయంలో మన వాళ్లు ఎక్కువగా ఆలోచించేది మూడు ప్రాంతాల గురించి. హౌరా స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు చౌక, రైలు దిగగానే చేరవచ్చు. కానీ రాత్రంతా వాహనాల రొద, వీధిలో అడుగు తీసి అడుగు వేయలేనంత రద్దీ, పైగా చూడవలసినవాటిలో చాలా భాగం నదికి అవతలి ఒడ్డున ఉంటాయి. విమానాశ్రయం వైపున్న రాజర్‌హాట్, న్యూ టౌన్ హోటళ్లలో గదులు విశాలంగా, కొత్తగా ఉంటాయి గాని, అక్కడ దిగినవాళ్లు పాత నగరాన్ని కారు కిటికీలోంచి చూడడమే ఎక్కువ. నేను ఎంచుకునేది నగరం నడిబొడ్డున ఉన్న ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్‌ల మధ్య ప్రాంతం. న్యూ మార్కెట్, సడర్ స్ట్రీట్ పరిసరాల్లో అన్ని ధరల్లోనూ గదులు దొరుకుతాయి, ఇండియన్ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం, మెట్రో పక్కనే. అయితే ఇక్కడి కట్టడాలు పాతవి. ఒకచోట ఫొటోలో చక్కగా కనిపించిన గదికి తీరా వెళ్తే కిటికీయే లేదు. గోడల్లో చెమ్మ, దుప్పట్లలో ముక్కిన వాసన. ముందే ఫోన్ చేసి కిటికీ ఉందా, లిఫ్టు ఉందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి అని అడిగి తెలుసుకోవాలి. పెద్దవాళ్లతో వెళ్లేవారు, ప్రశాంతత కోరుకునేవారు గోల్‌పార్క్‌లోని రామకృష్ణ మిషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కల్చర్ అతిథి గృహానికి ముందుగా రాసి చూడవచ్చు. అక్కడి శుభ్రతకు, క్రమశిక్షణకు వంక పెట్టలేము. నగరానికి దక్షిణాన ఉండడం ఒక్కటే ఇబ్బంది.

ఇక చూడడం. ఒక్క ఉదయమే మిగిలితే ఏం చేస్తావని ఎవరైనా అడిగితే నదినే చూస్తానంటాను. హుగ్లీ ఒడ్డున, హౌరా వంతెన కోల్‌కతా వైపు కొసన మల్లిక్ ఘాట్ పూలబజారు ఉంది. తెల్లవారకముందే చేరుకుంటే, లావుపాటి మోకుల్లా చుట్టలు చుట్టిన బంతిపూల దండలను కూలీలు తలమీదా భుజాలమీదా మోసుకుంటూ, దారి ఇమ్మని కేకలు వేస్తూ మనల్ని ఒరుసుకుని పోతుంటారు. ఒక మూల ఎర్రటి మందార మొగ్గలు కుప్పలుగా పోసి ఉంటాయి. కాళికి ప్రీతి అని వాటిని మాలలు కడతారు. మన పూలబజార్లలో మల్లెకు, చామంతికి ఉండే స్థానం అక్కడ బంతికి, మందారానికి ఉండడం నాకు ఎంతో నచ్చింది. కింద ఎప్పుడూ తడి, బురద, నలిగిన రేకలు ఉంటాయి కాబట్టి జారని చెప్పులు వేసుకోవాలి, అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకూడదు.

అక్కడి నుంచి మెట్లెక్కితే వంతెన మీదికే వస్తాము. 1943లో రాకపోకలకు తెరిచిన ఈ వంతెనలో నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్లతో బిగించిన ఉక్కే. నదీగర్భంలో ఒక్క స్తంభం కూడా లేకుండా నిలిచింది. కారులో దాటితే ఇదేమీ తెలియదు. కాలిబాట మీద నడిచి హౌరా వైపు చేరి, తిరిగి వచ్చేటప్పుడు లాంచీ ఎక్కండి. కొద్ది రూపాయల టికెట్‌తో బాబూఘాట్ దాకా నీళ్ల మీదుగా వెళ్తూ వంతెనను కింద నుంచి చూడడం, నా అభిప్రాయంలో, ఏ ప్యాకేజీ టూరు పడవ ప్రయాణానికీ తీసిపోదు. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు నది అడుగు నుంచి వెళ్లే మెట్రో 2024 మార్చిలో మొదలైంది. నది కింది భాగం సుమారు 520 మీటర్లు, రైలు దాన్ని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. పిల్లలు సరదా పడతారు. బయటికి మాత్రం సొరంగం గోడ తప్ప ఏమీ కనబడదు. ఆదివారం ఉదయం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది గనుక ఆ రోజు పూలబజారుకు టాక్సీలోనే వెళ్లాలి.

మ్యూజియానికీ విక్టోరియా మెమోరియల్‌కూ ఒకే రోజు సమయం చాలకపోతే నేను మ్యూజియానికే ఓటు వేస్తాను. 1906లో పునాది వేసి 1921లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ మక్రానా పాలరాతితో కట్టిన అందమైన భవనమే. దాని అందాన్ని తోటలో ఒక గంట కూర్చున్నా ఆస్వాదించవచ్చు. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియంలో మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ బౌద్ధ స్తూపపు ఎర్ర ఇసుకరాతి ప్రాకారం ఉంది. జాతక కథలను చెక్కి, పక్కనే కథ పేరును బ్రాహ్మీ లిపిలో రాసిన ఆ రాళ్లను అంత దగ్గరగా చూసే అవకాశం మనకు తరచుగా రాదు. అమరావతి శిల్పాలను చూసినవారు ఆ గదిలో తప్పక ఆగాలి. అదే బౌద్ధ శిల్పకళ మొదటి దశలో ఎంత సూటిగా, ఎంత ముచ్చటగా ఉండేదో అక్కడ తెలుస్తుంది. మమ్మీ గది దగ్గర జనం ఎక్కువ, భర్హుత్ గదిలో తక్కువ.

రెండో రోజు ఉదయం నది చూశాక రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. భక్తి ప్రధానమైతే దక్షిణేశ్వర్, రామకృష్ణ మఠం ప్రధాన కేంద్రమైన బేలూరు మఠం. రాణీ రాస్‌మణి కట్టించి 1855లో ప్రతిష్ఠ జరిపిన దక్షిణేశ్వర్ కాళీ ఆలయానికి ఇప్పుడు మెట్రో ఉంది, స్టేషన్ దగ్గరి నుంచి స్కైవాక్ మీదుగా గుడి దాకా నడవవచ్చు. సెలవు రోజుల్లో వరుస చాలా పొడవుగా ఉంటుంది, ఫోన్లు బయటే అప్పగించాలి. అక్కడి నుంచి బేలూరుకు లాంచీలు ఉన్నాయి. అయితే ఆలయాలు రెండూ మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు కాబట్టి పూలబజారును ముందు రోజుకు మార్చుకుంటే తప్ప ఈ దారి సాఫీగా సాగదు.

సాహిత్యం మీద మక్కువ ఉంటే జొరాసాంకోకు వెళ్లండి. రవీంద్రుడు 1861లో పుట్టిన ఇల్లు, 1941లో కన్నుమూసిన ఇల్లు అదే. జనగణమనను 1919లో మన మదనపల్లెలో ఆంగ్లంలోకి అనువదించిన కవి ఆ వరండాల్లోనే పెరిగాడన్న ఎరుకతో నడిస్తే ఆ ఇల్లు మరీ దగ్గరిదిగా అనిపిస్తుంది. అక్కడి నుంచి విగ్రహాలు చేసేవాళ్ల పేట కుమార్‌టులి దూరం కాదు. ఎండుగడ్డిని తాళ్లతో బిగించి కట్టిన అస్థిపంజరానికి బంకమట్టి మెత్తి దేవతా విగ్రహాలను చేస్తుంటారు. అడిగి ఫొటో తీసుకుంటే పనివాళ్లు సంతోషిస్తారు. ట్రామ్ కోసం మాత్రం పూట కేటాయించవద్దు, దారులు బాగా తగ్గిపోయాయి.

భోజనానికి దిగులు పడనక్కరలేదు. ఉదయం కచోరీ, ఆలూ కూర, మధ్యాహ్నం గసగసాలతో చేసిన ఆలూ పోస్తో, శనగపప్పు, లూచీలతో (మైదా పూరీలతో) శాకాహారులకూ హాయిగా గడుస్తుంది. ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ లేనిదే రోజు గడవని పెద్దవాళ్లుంటే దక్షిణాది కుటుంబాలు స్థిరపడిన లేక్ మార్కెట్ ప్రాంతం ఉంది. చలికాలంలో వెళ్తే ఈత బెల్లంతో చేసే సందేశ్ అనే పాలవిరుగుడు మిఠాయిని వదలకండి. చక్కెరతో చేసినదానికీ దీనికీ పోలికే లేదు.

పసుపు రంగు టాక్సీలవాళ్లు మీటరు వేయడం అరుదు. రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన యాత్రీ సాథీ యాప్‌లో పిలిస్తే ధర ముందే తెలుస్తుంది, హౌరా స్టేషన్ బయట ప్రీపెయిడ్ కౌంటరూ ఉంది. తిరుగు ప్రయాణపు టికెట్ మీద స్టేషన్ పేరును మరొక్కసారి చదువుకోండి. కోరమండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పుడు హౌరా నుంచి కాక షాలిమార్ నుంచి బయలుదేరుతున్నాయి. అక్కడికి మెట్రో లేదు కాబట్టి ఎస్ప్లనేడ్ నుంచి రెండో హుగ్లీ వంతెన మీదుగా టాక్సీలోనే వెళ్లాలి. సాయంత్రపు రద్దీని లెక్కలోకి తీసుకుని రైలు వేళకు రెండు గంటల ముందే గది ఖాళీ చేయడం మంచిది.