సైనికుడికి గడ్డం: నున్నగా గీయించాలా, పొట్టిగా ఉంచుకోనివ్వాలా?

క్రమశిక్షణ, హుందాతనం, సంప్రదాయం అంటూ ఎంత వాదించుకున్నా సైనికుడి గడ్డం సంగతి చివరికి గ్యాస్ మాస్కు రబ్బరు అంచు దగ్గర తేలాల్సిందే. ఆ అంచు నుదుటి మీదుగా, కణతల పక్కనుంచి దవడల వెంబడి దిగి చుబుకం కింద కలుస్తుంది. అది పొడుగునా చర్మాన్ని అంటుకుని ఉండాలి. మధ్యలో వెంట్రుకలుంటే ఒక్కోదాని పక్కన సన్నటి సందు మిగిలిపోతుంది. ఊపిరి పీల్చగానే మాస్కు లోపల ఒత్తిడి తగ్గి, బయటి గాలి ఫిల్టరు దారి వదిలేసి ఆ సందుల్లోంచి దూరుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఫిల్టరైనా దండగే.

చాలామంది పొరబడేది గరుకు గడ్డం విషయంలో. ముఖం మీద వెంట్రుక రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు రోజులు గీయకపోతే పొట్టిగా, బిరుసుగా నిక్కబొడుచుకుని రబ్బరును పైకి ఎత్తిపెడుతుంది. కనుక రసాయన దాడి భయం ఉన్నచోట వారానికోసారి గీసుకున్నా గీయనట్టే లెక్క. మీసం సంగతి వేరు. పెదవి మీదే ఆగి అంచు దాకా రాకపోతే పూర్తి ముఖం మాస్కుకు అడ్డేమీ కాదు. ఊపిరి వదిలే కవాటంలో వెంట్రుక ఇరుక్కోకుండా కత్తిరించుకుంటే చాలు.

మాస్కు సరిగ్గా కూర్చుందో లేదో యంత్రంతో కొలుస్తారు. బయటి గాలిలో ఉన్న సూక్ష్మ కణాల సంఖ్యను మాస్కు లోపలి సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఫిట్ ఫ్యాక్టర్. అమెరికాలో కార్ఖానాల్లో వాడే పూర్తి ముఖం మాస్కుకు కనీసం 500 రావాలి. అక్కడి సైన్యం పెట్టుకున్న గీత 1,667. పలచటి గడ్డంతోనే పరీక్ష గట్టెక్కేవాళ్లూ ఉంటారు. ఆ అంకెను నమ్ముకోకూడదు. పరీక్ష రోజున ఉన్న గడ్డం పది రోజుల తర్వాత అలాగే ఉండదు. చెమట పట్టి, తల అటూ ఇటూ తిప్పుతూ, నేల మీద పాకుతుంటే అంచు ఇంకాస్త జరుగుతుంది.

ఇంతవరకు చూస్తే మొదటి దారి, అంటే పూర్తిగా గీయించడమే మేలనిపిస్తుంది. అందరికీ ఒకటే నియమం, కొలతల గొడవ లేదు, హెచ్చరిక వినగానే తొమ్మిది సెకన్లలో మాస్కు తగిలించుకోవచ్చు. అయితే ఈ నియమం కొందరి చర్మం మీద రోజూ జరిమానా వసూలు చేస్తుంది. వంకీలు తిరిగిన జుట్టు ఉన్నవాళ్లలో, ముఖ్యంగా నల్లజాతి పురుషుల్లో, గీసిన వెంట్రుక మొన కొడవలిలా వంగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. చుట్టూ ఎర్రటి బుడిపె లేస్తుంది, చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. వైద్యులు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. మూడు నాలుగు బ్లేడ్ల రేజరుతో ఇది ఇంకా ముదురుతుంది. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది, తెగిన మొన చర్మం లోపలికి జారుకుంటుంది. చర్మాన్ని లాగిపట్టి, ఎదురు దిశలో గీసినా అదే జరుగుతుంది. గీయడం ఆపేస్తే చాలామందికి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మధ్యేమార్గంగా ఎలక్ట్రిక్ ట్రిమ్మరుతో 1 మిల్లీమీటరు ఉంచి కత్తిరించమంటారు. చర్మానికి మంచి సలహాయే, కానీ మాస్కు అంచుకు ఆ మిల్లీమీటరే ఎక్కువ.

అమెరికా ఇప్పుడు ఈ కఠినమైన దారే ఎంచుకుంది. 2025లో వచ్చిన ఆదేశం ప్రకారం ఏడాదికి మించి చికిత్స చేయించుకున్నా గీయలేని సైనికుడిని సర్వీసు నుంచి తప్పించే విషయం పరిశీలిస్తారు. మంచి తుపాకీ గురి, పదేళ్ల అనుభవం ఉన్న మనిషిని బుడిపెల కారణంగా వదులుకోవడం ఏ సైన్యానికైనా నష్టమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ విషవాయువు వదిలినప్పటి నుంచే సైనికుల గడ్డాలు పోయాయని చెబుతుంటారు. అది సగం నిజం. బ్రిటిష్ సైన్యంలో మామూలు సైనికుడు అంతకుముందు కూడా గడ్డం గీసుకునేవాడు. మీసం మాత్రం ఉండి తీరాలి, ఆ నియమాన్ని 1916లో ఎత్తేశారు. అంటే నున్నటి ముఖానికి మాస్కు ఒక్కటే కారణం కాదు, ఆ కాలపు వేషధారణ కూడా.

రెండో దారి, కొలత పెట్టి అందరికీ అనుమతివ్వడం. బ్రిటిష్ సైన్యం 2024 మార్చి 29 నుంచి ఇదే పాటిస్తోంది. గడ్డం 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 25.5 దాటకూడదు. బుగ్గ ఎముకల మీద, మెడ మీద గీసి ఉండాలి. అక్కడక్కడ మాత్రమే మొలిచిన గడ్డం కుదరదు. అవసరమైతే తీసేయమని ఆదేశించవచ్చు. కెనడా 2018లో అనుమతిచ్చి, 2022లో పొడవు పరిమితి తీసేసి, 2024 జులైలో మళ్లీ 2.5 సెంటీమీటర్ల గీత గీసింది. పెట్టుకున్న గీతను చెరపకపోవడమే మేలని అక్కడే తేలింది.

మూడోది, అందరికీ నిషేధించి కొందరిని మినహాయించడం. భారత సైన్యంలో సిక్కులకు గడ్డం ఉంటుంది, మిగతావాళ్లకు ఉండదు. నౌకాదళంలో మాత్రం అనుమతి తీసుకుని ఎవరైనా పెంచుకోవచ్చు. వాయుసేనలో ఓ ముస్లిం కార్పొరల్ వేసిన కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. మూడింటిలో ఇదే బలహీనమైన దారి. ప్రతి మినహాయింపూ ఒక దరఖాస్తు, ఒక తగాదా. మాస్కు అంచుకు మాత్రం మతం వల్ల పెరిగిన వెంట్రుకా, జబ్బు వల్ల వదిలేసిన వెంట్రుకా ఒకటే.

కనుక రెండో దారే మేలు, ఒక షరతు మీద: గడ్డం ముఖానికి కాక పనికి కట్టుబడి ఉండాలి. రసాయన ముప్పు లేని శిబిరంలో ఉండనివ్వాలి, ముప్పున్న చోటికి పంపే ముందు తీయించాలి. సైరన్ మోగాక తొమ్మిది సెకన్లలో ఎవరూ గీసుకోలేరు. మతం వల్ల గీయలేనివాళ్లకు ముఖానికి అతుక్కోని, బ్యాటరీ ఫ్యానుతో గాలి నింపే హుడ్ ఒక మార్గం. బరువు, చప్పుడు, బ్యాటరీ ఖర్చు దానితోపాటే వస్తాయి. గడ్డాన్ని సాగే పట్టీతో బిగించి పైన మాస్కు పెట్టే సిక్కు వైద్యుల పద్ధతి 2020లో ఆసుపత్రి మాస్కులతో జరిపిన పరీక్షలో 27 మందిలో 25 మందికి పనిచేసింది. అది క్రిములకు సంబంధించిన ఫలితం. నరాలను దెబ్బతీసే విషవాయువుకు దాన్నే నమ్ముకోలేం.

చలిలో గడ్డం వెచ్చదనమిస్తుంది కానీ ఊపిరి తేమ దాని మీద మంచుగా గడ్డకడుతుంది, కింద చర్మం మంచు కాటుకు తెల్లబడుతున్నా పక్కవాడికి కనబడదు. గీసుకునేవాళ్లు పొద్దున కాకుండా రాత్రి పడుకోబోయే ముందు గీసుకుంటే చర్మానికి సహజమైన జిడ్డు తెల్లారేసరికి తిరిగి చేరుతుంది. గాయపడ్డవాడి ముఖానికి మాస్కు అదిమి, చేత్తో నొక్కే సంచితో ఊపిరి అందించేటప్పుడు గడ్డం దగ్గర గాలి కారిపోతుంది. దట్టంగా జెల్లీ రాయడం, లేదా నోటి దగ్గర కన్నం చేసిన పారదర్శక అంటుపట్టీ ముఖం మీద వేయడం వైద్య సిబ్బంది నేర్చుకోవాలి.

తీసేయమని ఆదేశం వస్తే కత్తెరతో మొదలుపెట్టాలి, తర్వాత ట్రిమ్మరు, చివర గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి ఒకే బ్లేడు రేజరుతో వెంట్రుక పెరిగే వైపుకే గీయాలి. నెలల తరబడి గాలి సోకని చర్మం మండుతుంది కాబట్టి బయలుదేరడానికి ఒక రోజు ముందే చేయడం మంచిది. మాస్కు పట్టీలు పాత గుర్తుల దగ్గరే బిగించకూడదు. గడ్డం తీశాక దవడ దగ్గర మాస్కు వదులవుతుంది, ఫిట్ పరీక్ష ఆ నున్నటి ముఖం మీదే మళ్లీ చేయించాలి.