చిసోస్ కొండల్లో కిత్తనార పూసిన రోజులు

అమ్మ డాలస్ వచ్చిన ప్రతిసారీ గుళ్ళు, షాపింగ్ మాల్స్, స్నేహితుల ఇళ్ళు తిప్పి పంపేవాళ్ళం. 2023 జూన్‌లో మాత్రం పట్టుబట్టి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్ళాను. టెక్సస్ పడమటి కొసన, రియో గ్రాండే నది ఒడ్డున ఉంటుంది. ఇంటి నుంచి ఆగుతూ వెళ్తే దాదాపు పది గంటల డ్రైవ్. ఎండాకాలంలో ఎడారికి ఎవరైనా వెళ్తారా అని అందరూ అడిగారు. కానీ అక్కడి అగేవ్‌లు పూసేది ఆ రోజుల్లోనే. బతుకంతా ఒక్కసారే పూసి చచ్చిపోయే మొక్క అది. దాన్ని చూడాలంటే దాని టైముకి మనమే వెళ్ళాలి.

మొదటి రాత్రి టెర్లింగ్వా దగ్గర, పార్కు బయట, ఆన్‌లైన్‌లో చూసి ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం. అది మా పొరపాటు. ఫొటోలో కనిపించిన ఏసీ ఉన్న మాట నిజమే, కానీ ఆ వేడికి అది చాలలేదు. రాత్రి పదకొండుకి కూడా గోడలు కాలుతున్నాయి. అమ్మ తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చుంది. ఓనరుకి మెసేజ్ పెడితే జవాబు మర్నాడు వచ్చింది, సగం డబ్బు వెనక్కి ఇచ్చారు. ముసలివాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు జూన్‌లో కింది ఎడారిలో ఉండొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా.

తర్వాతి రెండు రాత్రులు పార్కు లోపల, చిసోస్ కొండల నడుమ పళ్ళెంలా ఉండే చిసోస్ బేసిన్‌లోని లాడ్జిలో ఉన్నాం. 5,400 అడుగుల ఎత్తు. కింద ఒళ్ళు మండుతుంటే ఇక్కడ సాయంత్రానికి చల్లగాలి. గది సాదాసీదా, మంచాలు పాతవి, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అయినా తలుపు తీస్తే ఎదురుగా కొండలు. ఆ డబ్బుకి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. రూములు నెలల ముందే అయిపోతాయి. ఆ పాత లాడ్జి కట్టడాన్ని తీసేసి కొత్తది కట్టే పథకం కూడా ఉంది కాబట్టి, బయలుదేరే ముందు బేసిన్ తెరిచి ఉందో లేదో పార్కువాళ్ళ దగ్గర తప్పకుండా కనుక్కోండి.

కారుకి ఎంట్రీ ఫీజు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పాంథర్ జంక్షన్ విజిటర్ సెంటర్‌లో రేంజరమ్మ మాకోసం చాలాసేపు కేటాయించింది. ఏ మలుపు దగ్గర ఏ మొక్క పూసిందో మ్యాపు మీద పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చింది. ఒక్కో ఏడు ఎక్కువ పూస్తాయట, ఒక్కో ఏడు చాలా తక్కువట. పెట్రోలు అక్కడే పోయించుకోండి. శాకాహారులకు తిండి కష్టమే. మేం రైస్ కుక్కర్, చింతకాయ పచ్చడి, పులిహోర పట్టుకెళ్ళాం. బేసిన్‌లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, కాబట్టి తిండి బయట వదలకూడదు.

ఇక ఆ మొక్క. లాడ్జి పక్కనే విండో వ్యూ అని చిన్న సిమెంటు బాట ఉంది, పావు మైలు కంటే కాస్త ఎక్కువ. మోకాళ్ళ నొప్పులతో అమ్మ కూడా నడవగలిగింది. ఒక మలుపు తిరగ్గానే ఆగిపోయింది.

"ఒరేయ్, ఇది మన కిత్తనార కదరా!"

అవును, దాని బంధువే. ఇది హావర్డ్ అగేవ్. అనంతపురం పల్లెల్లో చేనుగట్ల మీద మనం కంచెగా నాటుకునే కిత్తనార కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ఆ మట్టలు చెరువులో నానేసి, బాది, నార తీసి పగ్గాలు పేనేవాళ్ళమని, ఆ కుళ్ళు వాసన చేతులకు రోజుల తరబడి పోయేది కాదని అమ్మ అక్కడే నిలబడి చెప్పింది.

మా ముందున్న దాని బోదె, అంటే పూలకాడ, రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. పైన కొమ్మకొమ్మకీ పళ్ళెం పెట్టినట్టు పసుపు పూల గుత్తులు. కింది గుత్తులు విచ్చుకున్నాయి, పైవి ఇంకా మొగ్గలే. మొదలు దగ్గర మట్టలు అప్పటికే వడలి ముడతలు పడుతున్నాయి. సెంచరీ ప్లాంట్ అంటారు గానీ నూరేళ్ళు పట్టదు, ఇరవై నుంచి యాభై ఏళ్ళు. అన్నేళ్ళూ మట్టల్లో, మొక్క నడిమి గుండెలో దాచుకున్న చక్కెరనూ నీళ్ళనూ కొన్ని వారాల్లో బోదెలోకి తోసేస్తుంది. గింజ కట్టాక తనకంటూ ఏమీ మిగలదు. మెస్కలెరో అపాచీలనే ఇక్కడి ఆదివాసులు బోదె లేవకముందే ఆ గుండెను తవ్వి, గుంటలో కాల్చి తినేవారు. తీపంతా అప్పుడే ఉంటుంది.

ఈ పూలకు రాత్రిపూట వచ్చే చుట్టాలున్నారు. పూల తేనె తాగే మెక్సికన్ లాంగ్ నోజ్డ్ గబ్బిలాలు. పూసే అగేవ్‌ల వెంబడి మెక్సికో నుంచి పైకి వస్తాయి. 1988 నుంచి ఇవి అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉన్నాయి. వేసవిలో తల్లులు పిల్లలతో చేరే ఎమరీ గుహ ఈ కొండల్లోనే ఉంది. మొక్కలు తగ్గితే వాటికి తిండి లేదు. అందుకే ఈ పార్కులో ప్రతి పూల బోదె నాకు విలువైనదిగా కనిపించింది. చీకటి పడ్డాక ఎర్ర లైటుతో వెళ్ళి గంటన్నర నిలబడ్డాం. నక్షత్రాలు ఒత్తుగా ఉన్నాయి. ఒక నీడ పూల దగ్గర క్షణం ఆగి వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది. అది ఆ గబ్బిలమేనని ప్రమాణం చేయలేను. కానీ అమ్మా, మా ఆవిడా, నేనూ ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం.

మర్నాడు తెల్లవారుజామున నేనూ మా ఆవిడా లాస్ట్ మైన్ ట్రెయిల్ ఎక్కాం. రానుపోను 4.8 మైళ్ళు. పార్కింగ్ చిన్నది, తొందరగా నిండిపోతుంది. టైము లేనివాళ్ళు మొదటి మైలు నడిచి లోయ చూసి దిగినా చాలు. శాంటా ఎలీనా లోయ కూడా చూశాం, బాగుంది, కానీ ఆ ఎండకి పది నిమిషాలే.

బయల్దేరే రోజు అమ్మ మళ్ళీ ఆ బాటకే వెళ్దామంది. పూసిన దానికి కాస్త దూరంలో పోయినేటిదో అంతకు ముందుదో, ఎండి బూడిదరంగు తిరిగిన బోదె ఒకటి నిలబడే ఉంది. విచ్చిన కాయల్లో పల్చటి నల్ల గింజలు ఇంకా కొన్ని. నాలుగు తీసుకుందామా అంది, పార్కులో ఏదీ కోయకూడదు, ఏరకూడదు అని చెప్పాను. సరేనని చేయి వెనక్కి తీసుకుంది. లాడ్జి వైఫై దగ్గర కూర్చుని ఊళ్ళో మామయ్యకు వాయిస్ మెసేజ్ పెట్టింది: "చేనుగట్టు మీద కిత్తనారకు బోదె లేస్తే ఈతూరి కొట్టొద్దబ్బా, పందిరికి ఇంకో కట్టె చూసుకో. నేను వచ్చినాక పూలు చూడాల."