మొదటి సింఫనీ రాయడానికి మ్యూజ్‌స్కోర్ సరిపోతుందా?

సరిపోతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. మ్యూజ్‌స్కోర్ అంటే కంప్యూటర్‌లో పాశ్చాత్య స్వరలిపి రాసుకునే సాఫ్ట్‌వేర్. 2025 మార్చిలో ఇళయరాజాగారు లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ వినిపించాక, మనమూ ఒకటి ఎందుకు రాసుకోకూడదు అనే మాట మా తిరుపతి గుంపులోనూ మొదలైంది. మా ఆర్కెస్ట్రా అంటే, సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న పిల్లలు, చర్చిలో కీబోర్డు వాయించే అన్న, పెళ్ళి బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్ ఊదే పెద్దవాళ్ళు, ఒక ఫ్లూట్, ఒకే ఒక్క చెల్లో. అందరూ పనులు చూసుకుని ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్ళే. అలాంటివాళ్ళ కోసం సంగీతం రాసేవాళ్ళని మనసులో పెట్టుకుని ఇది చెప్తున్నాను.

ముందు డబ్బుల సంగతి. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. అదే పేరుతో స్కోర్లు, అంటే అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన ప్రతులు, పంచుకునే వెబ్‌సైటు ఒకటుంది, చందా అడిగేది అక్కడ. అది వేరు, ఇది వేరు.

నాకు అన్నిటికంటే నచ్చింది రంగులు. వాయిద్యానికి అందని స్వరం రాస్తే నోట్ ఎర్రగా మారుతుంది. దానికంటే మనకి పనికొచ్చేది ముదురు పసుపు: ప్రొఫెషనల్ వాయించగలడు గానీ సరదాకి నేర్చుకున్నవాళ్ళకి కష్టం అనుకున్న స్వరం ఆ రంగులోకి వస్తుంది. కమ్యూనిటీ ఆర్కెస్ట్రాకి రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి! అయినా అన్నీ అదే చెప్తుందని కాదు, మా పిల్లలు సపసప శ్రుతిలో వయొలిన్ నేర్చినవాళ్ళు, తీగల్ని పాశ్చాత్య పద్ధతిలో జి డి ఎ ఇ స్వరాలకి మార్చుకుంటే వేళ్ళు తడబడతాయి, ఆ సంగతి మనమే చూసుకోవాలి.

రెండోది పార్టులు, అంటే ఒక్కో వాయిద్యానికి విడిగా ఇచ్చే కాగితాలు. నేను రెండో భాగాన్ని ఎ మైనర్‌లో, కీరవాణి స్వరాల మీద నడిపాను. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక టోన్ కింద మోగుతుంది, అందుకే దానికి అదే సంగీతం ఒక టోన్ పైన, బి మైనర్‌లో రాసివ్వాలి. నేను వినపడే స్వరాల్లోనే రాసుకుంటూ పోయాను, క్లారినెట్ పెద్దాయన పార్టులో సాఫ్ట్‌వేరే మార్చిపెట్టింది. ఇరవై నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య తాళం గడులు) ఖాళీగా కూర్చోవాల్సిన ట్రంపెట్‌కి ఆ మౌనమంతా పైన 24 అంకె ఉన్న ఒకే బార్‌గా ముడుచుకుంటుంది. స్కోరులో ఒక స్వరం దిద్దితే పార్టులోనూ దిద్దుకుంటుంది, కానీ పేజీ ఎక్కడ తిప్పాలో పార్టులో మన ఇష్టం. వయొలిన్ వాళ్ళకి చేయి ఖాళీ దొరికే చోటే పేజీ తెగేలా ఓపిగ్గా సర్దండి, రిహార్సల్ సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక ప్లేబ్యాక్, అంటే రాసింది కంప్యూటర్ వాయించి వినిపించడం. దానికి వాయిద్యాల శబ్దాలిచ్చే మ్యూజ్‌సౌండ్స్ విడిగా దించుకోవాలి, కొన్ని జీబీలు పడుతుంది, అదీ ఉచితమే, వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ దాన్ని నమ్మి మాత్రం రాయకండి. కింది స్థాయిలో ఫ్లూట్ పాడుతుంటే పక్కన ట్రంపెట్ గట్టిగా ఊదినా స్పీకర్లో రెండూ వినిపించేలా చేసుకోవచ్చు, హాల్లో ఆ ఫ్లూట్ మునిగిపోతుంది. కంప్యూటర్‌కి ఊపిరి అయిపోదు, పెదాలు అలిసిపోవు. రాసిన లైన్‌ని ఒకసారి నోటితో పాడి, ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ ఊపిరి గుర్తుగా కామా పెట్టండి. గమకం కూడా అంతే, స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) మీద పట్టదు, ప్లేబ్యాక్‌లో చప్పగా వస్తుంది. నేను సాదా స్వరాలు రాసి, ఎలా ఊపాలో రిహార్సల్లో పాడి చూపిస్తున్నాను. మా పిల్లలు వెంటనే అందుకున్నారు.

ప్రింటు తీసేముందు పార్టులో స్టాఫ్ స్పేస్, అంటే ఆ గీతల మధ్య దూరం, 2 మిల్లీమీటర్లకి పెంచండి, ఒకే స్టాండు ముందు ఇద్దరు కూర్చుని చదవాలి కదా, పెద్దవాళ్ళ కళ్ళూ చూసుకోవాలి. పార్టులు ఎ4 చాలు, కండక్టర్ స్కోరు ఎ3. పీడీఎఫ్ పట్టుకెళ్ళినప్పుడు జిరాక్స్ షాపతనికి ‘యాక్చువల్ సైజ్’ అని గట్టిగా చెప్పండి, పేజీకి సర్దే సెట్టింగ్ ఉంటే పెంచిన అక్షరం మళ్ళీ చిన్నదైపోవచ్చు.