కళాక్షేత్రకి డాన్స్ చూడ్డానికి కాదు

చెన్నై తిరువాన్మియూరులోని కళాక్షేత్రకి ఎవరైనా భరతనాట్యం కోసమే వెళ్తారు. మేం వెళ్ళింది మూగజీవాల కోసం. అది మా అక్క పట్టు. విజయవాడలో రోజూ రాత్రి వీధికుక్కలకు అన్నం పెట్టి, అపార్ట్‌మెంట్ వాళ్ళ చేత మాటలు పడే మనిషి. కళాక్షేత్రని స్థాపించి, మూగజీవాల కోసమూ పోరాడిన రుక్మిణీదేవి అరండేల్ తిరిగిన చోటు చూడాలని ఎప్పట్నుంచో అంటోంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. రోడ్డు దాటి పార్క్‌టౌన్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే నేరుగా తిరువాన్మియూరు. సెంట్రల్ బయట ఆటోవాళ్ళు చెప్పే రేటు విన్నాక ఇది వరమే. బస మాత్రం బాగోలేదు. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్ళు పొద్దున కాసేపే, ఏసీకి అదనం అని గదిలోకి వెళ్ళాక చెప్పారు. దగ్గరని తీసుకున్నాం, అంతే.

కళాక్షేత్ర చెట్ల నీడలో నడవడానికే బాగుంటుంది. తరగతులు జరిగే చోటు కాబట్టి వారం మధ్యలో, పొద్దున్నే, ముందు ఫోన్ చేసి వెళ్ళండి. మన అమల అక్కినేని చదివింది ఇక్కడే. తర్వాత హైదరాబాద్‌లో బ్లూక్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ మొదలుపెట్టారు. చెవి కొస కత్తిరించిన కుక్క ఒకటి మా ముందే ఇసుకలో కాళ్ళు చాపి పడుకుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి ఆ చెవే గుర్తు. అక్క ఫోటో తీసింది దాన్నే.

రుక్మిణీదేవి 1904లో మదురైలో పుట్టారు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయి, జంతుహింసకు వ్యతిరేకంగా సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటివ్వడంతో వెనక్కి తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1977లో మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతి పదవికి అడిగితే వద్దన్నారు. ఆ ఏడాది రాష్ట్రపతి అయింది మన నీలం సంజీవరెడ్డి. ఆవిడ పట్టుబట్టిన ఆ 1960 చట్టం ప్రకారం జంతువుని హింసిస్తే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇవాళ ఆ డబ్బుకి చెన్నైలో నెయ్యి దోశ కూడా రాదు.

అడయారు థియోసాఫికల్ సొసైటీ తోటలో మర్రిచెట్టు పేరున్నదే, కానీ అక్క మనసంతా అక్కడి బిసెంట్ మెమోరియల్ జంతు వైద్యశాల మీదే. అది టూరిస్టుల కోసం కట్టింది కాదు, పని జరిగే చోటు; వాలంటీర్లకి అడ్డం రాకుండా చూసి రావాలి. గిండీ దగ్గర వేళచ్చేరి రోడ్డులో బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా పెద్దది. 1959లో కెప్టెన్ సుందరం మొదలుపెట్టారు. మొరుగుళ్ళు, వాసన, గాయాలు అన్నీ ఉంటాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేముందు ఆలోచించుకోండి. ఒక్కచోటికే టైముంటే మాత్రం నేను దీనికే ఓటేస్తాను.

భోజనం మైలాపూర్‌లో, కపాలీశ్వరుడి గుడి దగ్గర ఒక మెస్సులో. అడై అంటే పప్పుల దోశ, దానికి తోడు అవియల్ అనే కూర చెప్పాం. అక్క పాలు, పెరుగు కూడా ముట్టదు. అవియల్‌లో పెరుగుంటుందని తెలిసి గిన్నె నా వైపు జరిపింది. అడై మీద వెన్నముద్ద కూడా నా ఆకులోకే వచ్చింది. తను బెల్లంముక్క నంజుకుంటూ రెండో అడై చెప్పింది.

"కాఫీ తాగవా అక్కా?"

"పాలు వద్దని చెప్పు. డికాషన్ ఒక్కటే పొయ్యమను."

సర్వర్ రెండుసార్లు అడిగి మరీ తెచ్చాడు. మీరూ అదే బాపతైతే పొంగల్ జోలికి పోకండి, నెయ్యి ముందే కలిపేస్తారు. ఇడ్లీ, అడై నిశ్చింతగా తినొచ్చు, పైన వెన్న వేయొద్దని ముందే చెబితే చాలు.