ప్రాక్స్‌మాక్స్ మెయిల్ గేట్‌వే: రాయగడలో అయిదేళ్లు వాడాక

ప్రాక్స్‌మాక్స్ మెయిల్ గేట్‌వే అంటే బయటి మెయిల్ మన సర్వర్‌కి చేరేలోపే స్పామ్, వైరస్ వడపోసే సాఫ్ట్‌వేర్. మా ఫ్యాక్టరీ మెయిల్ రెండు ఎక్స్ఛేంజ్ 2016 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్ల మీద నడిచేది. ఒకటి ఇక్కడ ఒడిశాలోని రాయగడలో, రెండోది విశాఖ ఆఫీసులో. రెండూ కలిసి ఒక డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్, అంటే మెయిల్‌బాక్సుల కాపీలు రెండింటిలోనూ ఉండే క్లస్టర్; అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. సర్వర్లు రెండే కాబట్టి ఒకదానికొకటి అందనప్పుడు ఏది నడపాలో ఓటు తేల్చడానికి విశాఖలోనే వేరే మెషీన్ మీద విట్‌నెస్ షేర్ (మూడో ఓటుగా పనికొచ్చే ఫోల్డర్) పెట్టుకున్నాం. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది కదా అని ధైర్యంగా ఉన్నాం.

ఆ ధైర్యం ఒక్క రాత్రిలో పోయింది. కంపెనీ అంతటికీ వేసిన యాంటీవైరస్‌నే మెయిల్ సర్వర్ల మీదా వేసేశాం, మినహాయింపులేమీ పెట్టకుండా. రాత్రి షెడ్యూల్ స్కాన్ మొదలై డేటాబేస్ లాగ్ ఫైల్‌ను పట్టుకుంది. ఈవెంట్ లాగ్‌లో మైనస్ 1032, అంటే ఫైల్ తెరవడానికి వీల్లేదని. డేటాబేస్ డిస్‌మౌంట్ అయింది, అంటే మెయిల్‌బాక్సులు ఆగిపోయాయి. విశాఖ సర్వర్ వెంటనే అందుకుంది. కానీ అక్కడా అదే పాలసీ, అదే టైముకి స్కాన్. అరగంటలో అదీ కూర్చుంది. క్లస్టర్ డిస్క్ పోతే కాపాడుతుంది, కరెంటు పోతే కాపాడుతుంది. రెండు నోడ్ల మీదా ఒకే తప్పు పెట్టుకుంటే ఏం చేస్తుంది? ఇప్పుడు డేటాబేస్, లాగ్, క్లస్టర్, విట్‌నెస్ ఫోల్డర్లన్నీ స్కాన్ నుంచి తప్పించాం. రెండు సర్వర్ల మీదా విడివిడిగా చూసుకున్నాకే నిద్రపోయాను.

అప్పుడే వడపోత పనిని మెయిల్ సర్వర్ల నుంచి బయటకు లాగాలని గట్టిగా అనుకున్నాం. 2020లో ప్రాక్స్‌మాక్స్ మెయిల్ గేట్‌వే రెండు నోడ్లు పెట్టాం, ఊరికొకటి. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, లోపల మెయిల్ చేరవేసే పోస్ట్‌ఫిక్స్, స్పామ్ పట్టే స్పామ్‌అసాసిన్, వైరస్ పట్టే క్లామ్ఏవీ ఉంటాయి. ఓపెన్ సోర్స్. బయటి మెయిల్ 25వ పోర్టులో వస్తుంది, మన సర్వర్ల నుంచి బయటకు వెళ్లేది 26లో. ఎక్స్ఛేంజ్ సర్వర్లు బయటి మెయిల్‌ను ఆ రెండు గేట్‌వేల ఐపీల నుంచి తప్ప తీసుకోకుండా ఫైర్‌వాల్‌లో కట్టేయాలి. లేకపోతే స్పామ్ పంపేవాడు గేట్‌వేను వదిలేసి నేరుగా సర్వర్ తలుపే తడతాడు.

మొదటి నెల బాగా దెబ్బతిన్నాం. గేట్‌వేల ముందు మా దగ్గరున్న లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే మెయిల్‌ను రెండింటికీ పంచే పెట్టె) పెట్టాం. అది పంపినవాడి ఐపీ తీసేసి తన ఐపీ తగిలించి లోపలికి పంపేది. గేట్‌వేకి ప్రపంచమంతా ఒకే ఐపీలా కనిపించింది. ఎస్‌పీఎఫ్ తనిఖీ (ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఆ ఐపీకి ఉందా అని చూడటం), బ్లాక్‌లిస్టులు, గ్రేలిస్టింగ్ (కొత్తవాళ్ల మెయిల్‌ను మొదటిసారి తిప్పి పంపి, మళ్లీ వస్తే తీసుకోవడం) అన్నీ వృథా. పైగా ఆ ఐపీ మేం నమ్మిన నెట్‌వర్క్ జాబితాలో ఉంది. అంటే ఎవడైనా మా గేట్‌వే మీదుగా ఎక్కడికైనా మెయిల్ పంపుకోవచ్చు! లాగ్‌లో చూడగానే ఒళ్లు జల్లుమంది. ఆ బ్యాలెన్సర్ పీకేసి, డీఎన్ఎస్‌లో రెండు ఎంఎక్స్ రికార్డులకూ (మా మెయిల్ ఏ సర్వర్‌కి పంపాలో చెప్పేవి) ఒకే ప్రాధాన్యం 10 ఇచ్చాం. ఒకటి పలక్కపోతే పంపే సర్వరే రెండోదాన్ని వెతుక్కుంటుంది. దీనికి ఇంకే పెట్టె అక్కర్లేదు.

లోపలి వైపూ ఇదే జాగ్రత్త కావాలి. గేట్‌వేలో రిలేగా, అంటే వడపోసిన మెయిల్ అందించాల్సిన చోటుగా, ఒకే సర్వర్ ఐపీ ఇస్తే, ఆ సర్వర్ పడిన రోజు గేట్‌వేలు రెండూ బతికే ఉన్నా మెయిల్ లోపలికి పోదు. లోపలి డీఎన్ఎస్‌లో ఒక పేరు పెట్టి దానికి రెండు సర్వర్లనూ ఎంఎక్స్‌గా ఇచ్చాం.

గులాబ్ తుఫాను వచ్చింది 2021 సెప్టెంబరు 26న. మాకు లింక్ పోయింది. విశాఖ వైపు రెండు ఓట్లు ఉండటంతో మెయిల్‌బాక్సులు అక్కడ ఆగకుండా నడిచాయి, అక్కడి గేట్‌వే వడపోత కూడా. కానీ రెండు గేట్‌వేల్లో మాస్టర్ నోడ్, అంటే సెట్టింగ్‌లు చూసుకునే ప్రధాన నోడ్, రాయగడలో ఉంది. మాస్టర్ అందనప్పుడు మిగతా నోడ్ మెయిల్ చూస్తుందే గానీ సెట్టింగ్ మార్చనివ్వదు. ఒక సప్లయర్‌ని వైట్‌లిస్ట్‌లో పెట్టమని పర్చేజ్ వాళ్లు అడుగుతుంటే ఏమీ చేయలేకపోయాను. నోడ్‌ని మాస్టర్‌గా ప్రమోట్ చేసే కమాండ్ ఉందని తర్వాత చదివాను. ఇప్పుడు మాస్టర్ విశాఖలో, ఆ కమాండ్ కాగితం మీద రాసి రెండు చోట్లా ర్యాక్ తలుపుకి అంటించి ఉంది.

భాష సంగతి మా ఊళ్లో ముఖ్యం. ఇక్కడ ఆఫీసు ఉత్తరాలు ఒడియాలో వస్తాయి, లారీ వాళ్ల మెయిల్ తెలుగులో, హెడ్ఆఫీసుది ఇంగ్లిష్‌లో. మొదట్లో స్పామ్ సెట్టింగ్‌లో భాషగా ఇంగ్లిష్ ఒక్కటే పెట్టాం. కలెక్టరేట్ నుంచి వచ్చిన ఒడియా ఉత్తరం రెండు రోజులు క్వారంటైన్‌లో పడి ఉంది. సరిహద్దు జిల్లాల్లో ఎవరు పెట్టుకున్నా అన్ని భాషలూ అని పెట్టుకోండి.

గ్రేలిస్టింగ్ సమాచారం రెండు నోడ్లూ పంచుకుంటాయి, అది నాకు బాగా నచ్చింది. మొదటిసారి ఒక నోడ్ తిప్పి పంపినా, రెండోసారి ఇంకో నోడ్‌కి వస్తే మళ్లీ మొదటికి రాదు. టెండర్ పోర్టళ్ల ఓటీపీలు మాత్రం ఆలస్యమయ్యేవి, వాటిని మినహాయించాం. క్లామ్ఏవీకి మెమరీ దండిగా ఇవ్వండి. కొత్త సిగ్నేచర్లు ఎక్కించుకునేటప్పుడు పాతవీ కొత్తవీ కలిసి ఉండి రెట్టింపు తింటుంది. 4 జీబీతో ఇబ్బంది పడ్డాం, 8 ఇచ్చాక టెన్షన్ లేదు.

ఇది పట్టుకోలేనివీ ఉన్నాయి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ లోపల ఏముందో చూడటం దీని వల్ల కాదు. మా ఉద్యోగి నుంచి మా ఉద్యోగికే వెళ్లే మెయిల్ గేట్‌వే దాకా రానే రాదు. ఒకరి అకౌంట్ దొంగల చేతిలో పడితే గేట్‌వేకి తెలియదు. ఒకసారి సప్లయర్ పేరుతో బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వచ్చింది. డొమైన్‌లో ఎం (m) అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ (rn) పక్కపక్కన ఉన్నాయి. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం (మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం) అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎందుకంటే ఆ డొమైన్ దొంగ సొంతదే. అకౌంట్స్‌లో మా పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, "ఇదేంటి బాబూ, ఈ ఎం వంకరగా ఉంది" అని నన్ను పిలిచారు. అప్పటి నుంచి ఖాతా మార్పు ఏదైనా ఫోన్ చేసి అడగందే డబ్బు వేయరు.

నెలకోసారి ఐకార్ పరీక్ష ఫైల్ పంపుతాను. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడటానికి వాడే 68 అక్షరాల హానిలేని ఫైలు, ఒకసారి మామూలుగా, ఒకసారి జిప్‌లో. రెండు నోడ్లకూ విడివిడిగా, వాటి ఐపీలకే నేరుగా.

ఎక్స్ఛేంజ్ 2016కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఎక్స్ఛేంజ్ కొత్త వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి మారేటప్పుడు గేట్‌వే రూల్స్ ముట్టుకోలేదు. లోపలి డీఎన్ఎస్‌లో ఆ ఒక్క పేరుకి కొత్త సర్వర్లు ఇచ్చాం, గేట్‌వే 26వ పోర్టుకి కొత్త ఐపీలు అనుమతించాం. ఆ రోజు క్యూలో ఒక్క మెయిల్ కూడా ఆగలేదు.