లా డెఫాన్స్‌లో మూడు రాత్రులు

పారిస్‌కు రెండోసారి వెళ్ళినప్పుడు మేము బసను నగరం నడిబొడ్డున కాక, పడమటి పొలిమేర దాటాక వచ్చే ఆఫీసు మేడల ప్రాంతం లా డెఫాన్స్‌లో ఏర్పాటు చేసుకున్నాము. ఇక్కడి హోటళ్ళు ప్రధానంగా ఆఫీసు పనుల మీద వచ్చేవారిని నమ్ముకుని నడుస్తాయి కాబట్టి, వారాంతంలో గదుల అద్దెలు బాగా తగ్గుతాయి. శుక్రవారం సాయంత్రం దిగి సోమవారం బయలుదేరిన మాకు, నగర మధ్యంలో ఇరుకు గదికి పెట్టే సొమ్ముకే విశాలమైన గది దొరికింది.

అక్కడికి చేరడానికి మెట్రో ఒకటో లైనే మంచిది. డ్రైవరు లేని రైలు కనుక పిల్లలను మొదటి పెట్టెలో అద్దం ముందు నిలబెట్టవచ్చు. సెయిన్ నదిని దాటే చోట రైలు భూమి పైకి వచ్చినప్పుడు ఆకాశహర్మ్యాలన్నీ ఒక్కసారిగా ఎదుట నిలుస్తాయి. 2025 జనవరి నుంచి మెట్రోకూ, శివార్లకు నడిచే ఆర్‌ఈఆర్ రైలుకూ ఒకే టికెట్ ధర అమలులోకి వచ్చింది. అంతకుముందు మెట్రో టికెట్‌తో ఆర్‌ఈఆర్‌లో ఇక్కడికి వచ్చి జరిమానా కట్టిన యాత్రికులు ఎందరో ఉన్నారు.

నా గట్టి సలహా ఒకటే: చివరి స్టేషన్ దాకా వెళ్ళకుండా, దానికి ముందున్న ఎస్‌ప్లనాడ్ స్టేషన్‌లో దిగి నడవండి. రోడ్లూ రైళ్ళూ అడుగున సాగిపోతుంటే, పైన పరచిన విశాలమైన వేదిక మీద వాహనాల బెడద లేకుండా సుమారు కిలోమీటరు నడక ఉంటుంది. దారిలో అమెరికా శిల్పి కాల్డర్ ఎర్రని ఉక్కు శిల్పం, స్పెయిన్ కళాకారుడు మిరో రంగురంగుల బొమ్మలు ఎదురవుతాయి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువసేపు నిలిపినది 1883 నాటి కంచు విగ్రహం. 1870–71 యుద్ధంలో ప్రష్యా సేనలు ముట్టడించినప్పుడు పారిస్‌ను కాపాడినవారి స్మారకమిది. ఈ ప్రాంతానికి ‘రక్షణ’ అని అర్థమిచ్చే పేరు దీని నుంచే వచ్చింది. చుట్టూ గాజు గోడల నడుమ చిన్నదిగా కనిపించే ఈ విగ్రహం దగ్గర ఆగినవారు నాకు ఎక్కువమంది కనబడలేదు. అది నాకు బాధ కలిగించింది.

ఈ నిర్మాణాలలో తొలినాటిది 1958లో ప్రారంభమైన సీఎన్‌ఐటీ ప్రదర్శనశాల భవనం. దాని కాంక్రీటు కప్పు కేవలం మూడు చోట్ల నేలను తాకుతూ 218 మీటర్ల మేర పరచుకుని ఉంటుంది. ఎత్తైన భవనాలను ఇలా ఊరి వెలుపల నిలిపినందువల్ల పాత పారిస్‌కు జరిగిన మేలు ఎంతో, 1973లో నగరం లోపలే లేచిన 210 మీటర్ల మోంపార్నాస్ టవర్‌ను చూస్తే తెలుస్తుంది. దాని మీద వ్యతిరేకత పెరిగాకే నగరంలో భవనాల ఎత్తుకు కఠినమైన పరిమితులు వచ్చాయి.

వేదిక చివర ఉన్న గ్రాండ్ ఆర్ష్ అనే పెద్ద తోరణాన్ని ఫ్రెంచి విప్లవ ద్విశతాబ్ది సందర్భంగా 1989లో ప్రారంభించారు. దీనిని రూపొందించిన డెన్మార్క్ వాస్తుశిల్పి స్ప్రెకెల్సన్ ఆ రోజు చూడకుండానే 1987లో కన్నుమూశారు. అడుగున రైలు, రోడ్డు సొరంగాలు ఉన్నందున పునాదులను సూటిగా వేయలేక, ఈ 110 మీటర్ల తోరణాన్ని కొద్దిగా పక్కకు తిప్పి కట్టారు. సాయంత్రం దాని మెట్ల మీద తూర్పుముఖంగా కూర్చుంటే, నాలుగు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆర్క్ ద ట్రియోంఫ్ విజయతోరణం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. ఆ సూటి గీత అక్కడితో ఆగక లూవ్ర్ మ్యూజియం దాకా సాగుతుంది. మన హైదరాబాదులోనూ చార్మినార్ ఒక దిక్కున, గచ్చిబౌలి గాజు మేడలు ఒక దిక్కున ఉన్నా, వాటి మధ్య ఇలాంటి చూపు లేదు. నాకు ఆ మెట్ల మీద గడిపిన గంటే యాత్ర మొత్తంలో విలువైనది.

సేవల విషయానికి వస్తే, మేమున్న హోటల్‌లో గది శుభ్రంగా ఉంది కానీ, రెండు లిఫ్టుల్లో ఒకటి మూడు రోజులూ పనిచేయలేదు. ఆఫీసు మేడల కింది తిండి దుకాణాలు ఆదివారం చాలావరకు మూసి ఉన్నాయి. పెద్ద షాపింగ్ మాల్ ఒక్కటే ఆదుకుంది. శాకాహారం మాత్రమే తినే మా అత్తగారి కోసం గార్ ద్యు నోర్ స్టేషన్ దాటి లా షాపెల్ దాకా వెళ్ళి, శ్రీలంక తమిళుల హోటల్‌లో దోసెలు తినవలసి వచ్చింది. పెద్దవారితో వెళ్ళేవారికీ, మొదటిసారి వెళ్ళేవారికీ ఇక్కడ బస చేయమని చెప్పలేను; ఒక సాయంత్రం వచ్చి చూసి వెళితే చాలు. ఉండదలచినవారు సోమవారం ఉదయం ఎనిమిదిలోపే బయలుదేరండి. తొమ్మిదికి పెట్టెలతో దిగిన మేము, ఎస్కలేటర్ల నిండా ఎదురొచ్చే ఉద్యోగుల ప్రవాహం తగ్గేదాకా ఒక స్తంభం పక్కన నిలబడి ఉండవలసి వచ్చింది.