మ్యాక్స్‌డాప్ ఎక్కడ పెట్టాలి: సర్వర్‌కా, డేటాబేస్‌కా, క్వెరీకా?

నెలాఖరు సాయంత్రం, 16 కోర్ల మెషిన్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్). ఎవరో పెద్ద రిపోర్ట్ ఒకటి నడిపారు, బిల్లింగ్ స్క్రీన్లు బిగుసుకుపోయాయి. క్వెరీలు దేనికోసం ఆగుతున్నాయో చెప్పే వెయిట్స్ చూస్తే అన్నిటికన్నా పైన సీఎక్స్‌ప్యాకెట్, అంటే ఒకే క్వెరీ పనిని పంచుకున్న భాగాలు ఒకదాని కోసం ఒకటి ఆగడం. ఒక క్వెరీ ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని కోర్లు వాడొచ్చో చెప్పే సెట్టింగే మ్యాక్స్‌డాప్. ఆ టెన్షన్‌లో సర్వర్ మొత్తానికి దాన్ని 1 చేసేశాం. ఫోన్లు ఆగాయి. కానీ ఆ రాత్రి మొదలైన ఇండెక్స్ రీబిల్డ్ (టేబుళ్ల సూచికలను తిరిగి కట్టే పని) తెల్లారినా పూర్తి కాలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నాం!

తప్పు మ్యాక్స్‌డాప్‌ది కాదు, పెట్టిన చోటుది. షేర్‌పాయింట్ లాంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 ఉండాలని పట్టుబడతాయి, అది వేరే సంగతి. పాత సర్వర్లలో మ్యాక్స్‌డాప్ 0గా ఉంటుంది, అంటే ఒక్క క్వెరీయే 64 దాకా ఉన్న కోర్లన్నీ లాక్కోవచ్చు. సర్వర్‌లో నుమా నోడ్ (కోర్లు, వాటి దగ్గరి మెమరీ కలిసిన గుంపు) ఒక్కటే ఉండి, అందులో 8కి మించి కోర్లుంటే 8 పెట్టమని మైక్రోసాఫ్ట్ సలహా. ఈ సెట్టింగ్ మార్చడానికి రీస్టార్ట్ అక్కర్లేదు. అయితే ప్లాన్ కాష్ (క్వెరీలను ఎలా నడపాలో సర్వర్ దాచుకున్న ప్లాన్లు) ఖాళీ అవుతుంది కాబట్టి రద్దీ వేళ ముట్టుకోకండి.

చాలామంది పట్టించుకోనిది కాస్ట్ థ్రెషోల్డ్. క్వెరీ ఎన్ని కోర్లు వాడాలో మ్యాక్స్‌డాప్ చెబుతుంది, అసలు ఒకటికి మించి వాడే అర్హత దానికి ఉందా లేదా అన్నది థ్రెషోల్డ్ చూస్తుంది. డిఫాల్ట్ 5, అంటే క్వెరీకి సర్వర్ వేసిన ఖర్చు అంచనా 5 దాటితేనే ఆ అర్హత. ఈ రోజుల్లో చిన్నాచితకా క్వెరీలు కూడా దాన్ని దాటేస్తాయి. నేనైతే 50తో మొదలుపెట్టి, ప్లాన్లు చూసుకుంటూ సరిచేస్తాను. మొదట చెయ్యి వేయాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం.

బిల్లింగ్, రిపోర్టులు వేర్వేరు డేటాబేసుల్లో ఉంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 వెర్షన్ నుంచి ఒక్కోదానికి విడిగా మ్యాక్స్‌డాప్ పెట్టుకోవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఒక మెలిక ఉంది. బిల్లింగ్ డేటాబేస్‌లో కూర్చుని రిపోర్ట్ టేబుళ్లను పేరు పెట్టి పిలిస్తే, వర్తించేది బిల్లింగ్ సెట్టింగే.

క్వెరీ చివర రాసే హింట్ (ఆ ఒక్క క్వెరీకే ఇచ్చే మ్యాక్స్‌డాప్) సర్వర్, డేటాబేస్ సెట్టింగులు రెండింటినీ తోసిపుచ్చుతుంది. ఒకటి రెండు మొండి రిపోర్టులకైతే ఇదే మేలు. బాధల్లా కోడ్‌లో పడ్డాక దాన్ని అందరూ మర్చిపోవడమే. మూడేళ్ల తర్వాత సర్వర్ మారుతుంది, హింట్ మాత్రం అలాగే ఉంటుంది. వెండర్ కోడ్ ముట్టుకునే వీల్లేకపోతే కోడ్ మార్చకుండా బయటి నుంచే హింట్ తగిలించే క్వెరీ స్టోర్ హింట్లు 2022 వెర్షన్‌లో వచ్చాయి.

హింట్‌ను కూడా అదుపు చేయగలిగింది రిసోర్స్ గవర్నర్, అంటే ఎవరు సర్వర్‌ను ఎంత వాడొచ్చో పరిమితి పెట్టే సదుపాయం. రిపోర్ట్ లాగిన్లను ఒక గ్రూపులో వేసి పరిమితి 4 అంటే, క్వెరీలో 16 అని రాసినా 4 దాటదు. 2022 వెర్షన్ వరకు ఇది ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ వాళ్లకే.

మాది ఆ ఎడిషనే. చివరికి థ్రెషోల్డ్ 50, సర్వర్‌కు 8, రిపోర్ట్ లాగిన్లకు గవర్నర్‌లో 4 పెట్టాం. ఇండెక్స్ రీబిల్డ్‌కు మాత్రం కమాండ్‌లోనే 16 రాశాం, ఆ వేళలో సర్వర్ మీద ఇంకెవరూ ఉండరు కాబట్టి.